ట్యాంకు ఎవరి మాట?

మన గుంపులో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. "ఇంగ్లీషువాళ్ల ట్యాంక్ మన తటాకమే, ఎత్తుకుపోయి మనకే అమ్ముతున్నారు" అని. కింద బోలెడు చప్పట్లు. అది శుద్ధ అబద్ధమని అనను గానీ, చప్పట్లు కొట్టేంత సులువుగా ఒప్పుకునే మాట కూడా కాదు. నేను చదివింది, విన్నది ఇక్కడ పెడుతున్నాను. తెలిసినవాళ్లు కలపండి, తేడా ఉంటే గట్టిగానే చెప్పండి.

ముందు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ మాట ఎక్కడెక్కడ వినిపిస్తుందో చూద్దాం. మిద్దె మీద నల్ల డబ్బా ట్యాంకు. ఊరి మధ్యలో స్తంభాల మీద నిలబడ్డ సిమెంటు కట్టడం ట్యాంకు. "ట్యాంకు కాడ ఆపన్నా" అంటే ఆటో అక్కడే ఆగుతుంది. బండికి పెట్రోలు పోసేది ట్యాంకులో. దొడ్డి వెనకాల మూత వేసిన గుంత సెప్టిక్ ట్యాంకు. కృష్ణపట్నం పోర్టు దారిలో వంటనూనె మోసే లారీ ట్యాంకరు. జనవరి 26న టీవీలో ఢిల్లీ పరేడ్‌లో కదిలొచ్చే ఇనుప ఏనుగు కూడా ట్యాంకే.

ఇన్నింటిని ట్యాంకు అనే మనం, చెరువును మాత్రం ట్యాంకు అనం. నెల్లూరు రొట్టెల పండగకు స్వర్ణాల చెరువులో దిగి రొట్టె పట్టుకున్నామంటాం. ట్యాంకులో దిగి పట్టుకున్నామంటే ఇంట్లోవాళ్లు మిద్దె మీదికి చూస్తారు. అదే ఆఫీసు కాగితం తియ్యండి. చెరువు స్థలమంతా "ట్యాంక్ పోరంబోకు". చిన్న నీటిపారుదల లెక్కల్లో ప్రతి చెరువూ ట్యాంకే. బ్రౌన్ దొర 1852 నిఘంటువులో కూడా చెరువుకు ఇచ్చిన అర్థం అదే.

ఇది గుమాస్తాల వాడుక అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇంగ్లీషులో ఈ మాటకు మొట్టమొదటి అర్థమే చెరువు. 1610ల నాటికి ఇండియా వచ్చిన ఇంగ్లీషువాళ్లు తాగునీటికీ సాగునీటికీ తవ్విన చెరువును, మెట్లున్న కోనేరును ట్యాంక్ అని రాశారు. ద్రవం పోసుకునే పెద్ద పాత్ర అన్న అర్థం 1680ల దాకా కనబడదు. బండి ఇంధనం పోసే డబ్బా అన్నది 1902 నాటి వాడుక. అంటే మనం డబ్బా ముందు, చెరువు తర్వాత అనుకుంటున్నాం, మాట నడిచింది మాత్రం చెరువు నుంచి డబ్బాకు.

కలకత్తా డల్హౌసీ స్క్వేర్‌కు పాత పేరు ట్యాంక్ స్క్వేర్, మధ్యలో ఉన్న లాల్ దిఘీ వల్ల. మన వాళ్లు పెళ్లి చీరలకు పోయే మద్రాసు టీ నగర్ ఉన్న చోట 1920ల దాకా ఉన్నది లాంగ్ ట్యాంక్. దాన్ని పూడ్చి ఇళ్లు కట్టారు. వానాకాలంలో ఆ వీధుల్లో నీళ్లు ఎందుకు నిలుస్తాయో వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఇంగ్లీషువాళ్లకు ఈ మాట ఎవరు నేర్పారన్నది అసలు గొడవ. రెండు దారులున్నాయి. ఒకటి గుజరాతీ, మరాఠీ దారి. గుజరాతీలో టాంకూ, టాంకీ అంటే నేలలో కట్టిన నీటి తొట్టి. మరాఠీలో టాకే అంటే కోటల్లో రాతిని తొలిచి చేసిన నీటి గుంట. రెండోది పోర్చుగీసు దారి. వాళ్ల భాషలో తాంకె అంటే నిలవ నీటి మడుగు. "నీటి పారుదలను ఆపు" అనే అర్థమున్న ఎస్తాంకార్ అనే క్రియ దానికి మూలం. రక్తం కారకుండా ఆపడాన్ని ఇంగ్లీషులో స్టాంచ్ అంటారే, అది ఈ ఇంటిదే. స్పానిష్‌లో ఎస్తాంకె అంటే చెరువు, ఎస్తాంకో అంటే పొగాకు అమ్మే లైసెన్సు కొట్టు. సరుకును ఒక్కచోటే ఆపి అమ్ముతారు కాబట్టి ఆ పేరు.

యూల్, బర్నెల్ ఇద్దరూ కలిసి కూర్చగా 1886లో అచ్చయిన ఆంగ్లో ఇండియన్ నిఘంటువులో ఈ మాటను తికమక పెట్టే మాటల్లో ఒకటిగా లెక్కేశారు. ఒక మూలం ఇక్కడ, ఒకటి యూరపులో ఉన్నట్టు కనబడుతోందని. నాకూ అదే సబబనిపిస్తుంది. రెండు కాలవలు కలిసిన చోట ఈ నీళ్లు ఫలానా కాలవవే అని పట్టుబట్టడం దేనికి?

ఒంగోలు మాస్టారు: వ్యాసం బాగుంది నాయనా. కానీ తటాకాన్ని ఒక్క మాటలో తోసేశావు. తటాకం, తడాగం రెండూ సంస్కృతంలో ఉన్నాయి. తడాగం నుంచి టాంకూ రావడానికి ఏమిటి అడ్డు? పేరున్న నిఘంటువులు కూడా "బహుశా తడాగం నుంచి" అని రాశాయి గదా.

నేను: రాశాయి మాస్టారూ, "బహుశా" అనే రాశాయి. నాకు అడ్డొచ్చేది గుజరాతీలోనే ఉంది. తడాగం ప్రాకృతం మీదుగా వచ్చి గుజరాతీలో తళావ్ అయింది. హిందీ తలావ్ కూడా అదే. అహమ్మదాబాదులో కాంకరియా తళావ్ అంటారు. ఒకే సంస్కృత మాట ఒకే భాషలో ఒక పక్క తళావ్ అయి, ఇంకో పక్క టాంకూ ఎట్లా అవుతుంది? ఆ మధ్యలో "ం" ఎక్కడినుంచి ఊడిపడింది? పైగా అర్థాలు కూడా వేరు. తళావ్ అంటే ఆకాశానికి తెరిచిన చెరువు, టాంకూ అంటే ఇంటికింద మూతవేసిన తొట్టి. పోరుబందరులో గాంధీగారు పుట్టిన ఇంట్లో అలాంటి టాంకూ ఉంది. మిద్దె మీద పడిన వాననీటిని కిందికి దింపి ఏడాదంతా తాగడానికి దాచుకునే ఏర్పాటు.

కావలి అక్క: నాకొక సందేహం. సంస్కృతంలో టంకం అంటే రాయి కొట్టే ఉలి. మరాఠీలో టాకే అంటే రాతిలో తొలిచింది అన్నావు. ఉలితో తొలిచింది కాబట్టి ఆ పేరేమో?

నేను: బాగా పట్టుకున్నావక్కా. ఆ దారినీ కొందరు చూపించారు, ధ్వనిపరంగా తడాగం కంటే ఇదే సాఫీగా ఉంటుంది. మరాఠీలో టాంకీ అంటే ఇప్పటికీ ఉలి. రుజువు పడ్డదని మాత్రం అనలేను, నా ఓటు అటే.

ఒంగోలు మాస్టారు: పోర్చుగీసు వాళ్లు ఇక్కడ నేర్చుకుని వెళ్లి ఉండొచ్చు గదా. అట్లా అయితే రెండు దారులూ ఒకటే అవుతాయి.

నేను: అక్కడొక చిక్కుంది మాస్టారూ. 1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగినప్పుడు, ఆయనతో వచ్చిన ఒకాయన రాసిన ప్రయాణ దినచర్య ఉంది. గుడి దగ్గర రాతితో కట్టిన పెద్ద కోనేటిని చూసి అప్పుడే తాంకె అని రాసుకున్నాడు. నేల మీద కాలు పెట్టి ఎన్నాళ్లో కాలేదు. ఇంటి మాట కాకపోతే అంత తొందరగా కలంలోకి ఎట్లా వస్తుంది?

బుచ్చి తమ్ముడు: అన్నా, వాళ్లకు ఆఫ్రికా ఒడ్డు నుంచి కాలికట్ దాకా దారి చూపించిన నావికుడు గుజరాతీ అని చదివినట్టు గుర్తు. వారాల తరబడి ఓడలో పక్కనే ఉన్నాడు. నీళ్ల పీపాలు చూపించి మాట నేర్పి ఉండడా?

నేను: నేర్పి ఉండొచ్చు తమ్ముడూ! గుజరాతీ ముస్లిం అని పాత పోర్చుగీసు చరిత్రకారులు రాసిన మాట నిజమే. కాకపోతే ఎస్తాంకె, ఎస్తాంకార్ అని స్పానిష్, పోర్చుగీసుల్లో అంత పెద్ద కుటుంబం ఉన్నాక, ఒక్క నావికుడి మీద అంత బరువు పెట్టలేం. ఈ ఊహ మాత్రం నాకు తెగ నచ్చింది.

కంభం అన్న: ట్యాంకు సంగతి తర్వాత, మన చెరువు సంగతి చెప్పండబ్బా. మాది కంభం. గుండ్లకమ్మకు రెండు కొండల మధ్య అడ్డుకట్ట వేసి చేసిన చెరువు. గజపతుల ఆడబిడ్డ, కృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని మా పెద్దలు చెప్పుకుంటారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడాల జాబితాలోకి ఎక్కించింది. బోర్డు మీద కంభం ట్యాంక్ అని రాస్తే ఎవరో నీళ్ల డబ్బా కట్టినట్టుంటుంది. చెరువు అనే మాట ఎక్కడిదో ఎవరూ అడగరే?

నేను: అన్నా, నేను ఈ పోస్టు పెట్టిందే దానికోసం. కావాలనే వెనక్కి పెట్టాను.

పాత తెలుగులో అది చెఱువు, బండి ఱతో. ఖైదు అనే అర్థంలో చెఱ కూడా బండి ఱతోనే. రెంటినీ ఇప్పుడు మామూలు ర తో రాయడం వల్ల ఆ బంధుత్వం కంటికి ఆనడం లేదు. ద్రావిడ భాషలన్నీ వరసగా పెట్టి చూడండి. తమిళంలో సిఱై అంటే జైలు, పాత తమిళంలో నీటికి అడ్డంగా వేసిన కట్ట కూడా. కన్నడంలో సెరె అంటే బంధనం. మలయాళంలో చిఱ అంటే కట్ట, కట్ట వెనకాల నిలిచిన చెరువు. తెలుగులో చెఱ, చెఱువు. ద్రావిడ భాషల పరిశోధకులు వీటన్నింటినీ ఒక కుటుంబంగా చూపించారు. మూలార్థం ఆపడం, నిర్బంధించడం. మనిషిని ఆపితే చెఱ, నీటిని ఆపితే చెఱువు.

ఇప్పుడు పోర్చుగీసు తాంకె మీదికి రండి. దాని వెనక ఉన్నది కూడా నీటిని ఆపడమే. ఎక్కడి లిస్బన్, ఎక్కడి కంభం! ఎవరి దగ్గరా ఎవరూ అరువు తెచ్చుకోలేదు, ఇద్దరూ నీటికి ఒకే పని చేశారు కాబట్టి ఒకే రకంగా పేరు పెట్టుకున్నారు. ఇంకా వినండి. అమెరికా ఇంగ్లీషులో 1912 నాటి నుంచి ట్యాంక్ అంటే పోలీసు స్టేషన్‌లో పట్టుకొచ్చిన వాళ్లను పడేసే గది కూడా. తాగి గొడవ చేసిన వాళ్లను తెల్లారేదాకా ఉంచే దాన్ని డ్రంక్ ట్యాంక్ అంటారు. మన దగ్గర చెఱ నుంచి చెఱువు దాకా ఉన్న దూరాన్ని వాళ్లు ఎదురుగా నడిచారన్నమాట. తటాకం మీద కంటే దీని మీద చప్పట్లు పడితే నేను ఎక్కువ సంతోషిస్తాను.

ఒంగోలు మాస్టారు: భేష్. చెఱకు కూడా ఈ వరసలోదేనా అని ఎవరన్నా అడిగేలోపు నేనే చెబుతాను, కాదు. అక్షరం కలిసినంత మాత్రాన చుట్టరికం కలపొద్దు.

బుచ్చి తమ్ముడు: నేను అదే టైప్ చేస్తా ఉన్నా మాస్టారూ, తుడిచేశా. ఇంతకీ యుద్ధం ట్యాంకుకు నీళ్లకు ఏం సంబంధం అన్నా?

నేను: ఏ సంబంధమూ లేదు, అదే తమాషా. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాలు దాటడానికి ఇనుప బండి కావాలని బ్రిటన్ నావికా శాఖ 1915 ఫిబ్రవరిలో ఒక కమిటీ వేసింది. అప్పుడు ఆ శాఖ మంత్రి చర్చిల్. కమిటీ పేరు ల్యాండ్‌షిప్స్, అంటే నేల మీద నడిచే ఓడలు. ఆ పేరు బయటికి పొక్కితే శత్రువుకు సంగతంతా తెలిసిపోతుంది. లింకన్ పట్టణంలో ఒక వ్యవసాయ యంత్రాల కంపెనీలో వీటిని తయారు చేస్తున్నారు. అక్కడ పనిచేసే వాళ్లకు ఇవి మెసొపొటేమియా ఎడారిలో సైన్యానికి నీళ్లు మోసే బండ్లని చెప్పారు. చూస్తే పెద్ద ఇనుప తొట్టిలాగే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

కమిటీకి దొంగపేరు పెట్టేటప్పుడు వాటర్ క్యారియర్ అనుకున్నారట. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో రాస్తే డబ్ల్యూ.సి. అవుతుంది, అంటే మరుగుదొడ్డి. ఆ కమిటీలో సభ్యుడినని ఎవరు చెప్పుకుంటారు? దాంతో 1915 డిసెంబరులో ట్యాంక్ సప్లై కమిటీ అయింది. కొన్ని బండ్ల మీద "జాగ్రత్తగా పెట్రోగ్రాడ్‌కు" అని రష్యన్ అక్షరాల్లో కూడా రాశారు, రష్యాకు పోయే సరుకనుకోవాలని. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్స్‌లో సొమ్ యుద్ధంలో మొదటిసారి దించారు. గుట్టు బయటపడ్డాకైనా పేరు మార్చుకోవచ్చు గదా, మార్చలేదు. అబద్ధానికి పెట్టిన పేరు అట్లాగే అతుక్కుపోయింది. జర్మన్లు కవచం అనే అర్థంలో పాంజర్ అన్నారు, ఫ్రెంచివాళ్లు బండి అనే అర్థంలో షార్ అన్నారు. ఆ దొంగపేరు వాళ్లకు అక్కర్లేకపోయింది మరి.

కావలి అక్క: మా అమ్మాయి ఆన్‌లైన్‌లో ట్యాంక్ టాప్ అని బనీను లాంటిది తెప్పించుకుంది. మిలిటరీ వాళ్లు వేసుకునేదేమో అనుకున్నా.

నేను: అది కూడా నీళ్లదే అక్కా. ఈత కొలనును ఒకప్పుడు అమెరికాలో స్విమ్మింగ్ ట్యాంక్ అనేవారు. అందులో దిగేటప్పుడు వేసుకునే ఒంటి ముక్క ఈత దుస్తు 1920లలో ట్యాంక్ సూట్. దాని పై భాగం లాంటి చేతుల్లేని చొక్కా 1960ల చివర ట్యాంక్ టాప్ అయింది. బనీనుకు తుపాకీతో పనిలేదు.

షేర్లు ట్యాంక్ అయ్యాయి, సినిమా ట్యాంక్ అయింది అని ఇంగ్లీషు పేపర్లు రాస్తాయి చూడండి, అది కూడా నీళ్లలో మునగడమే. డబ్బు తీసుకుని కావాలని ఓడిపోయే బాక్సర్‌ను ట్యాంకులోకి దూకాడు అనేవారు. థింక్ ట్యాంక్ అంటే మొదట బుర్ర, వెటకారంగా. మేధావుల సంస్థ అన్న గౌరవం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చింది. బుర్రను తొట్టి అనడంలో వాళ్లూ మనకేం తీసిపోలేదు.

హేచరీ తమ్ముడు: నేను తీరంలో రొయ్య పిల్లల హేచరీలో పనిచేస్తాను. మా దగ్గర ఒక తేడా ఉంది, ఎవరూ నేర్పకుండానే అందరూ పాటిస్తారు. హేచరీ షెడ్డులో సిమెంటుతో కట్టి, పైపుతో గాలి పట్టించే ప్రతిదీ ట్యాంకు. అవే పిల్లలు రైతు దగ్గరికి పోయి పడితే గుంట. "ట్యాంకులో పిల్ల బాగుంది, గుంటలో వేశాక చచ్చింది" అని రైతు వచ్చి గొడవ పడతాడు. గోదావరి వాళ్లు ఫోన్ చేస్తే దాన్నే చెరువు అంటారు. మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు, చెరువులో రొయ్యలేంది అనుకునేవాణ్ణి.

నేను: తమ్ముడూ, ఈ ఒక్క కామెంటు కోసం పోస్టు పెట్టినా గిట్టుబాటే. ఇంగ్లీషు ట్యాంక్ అనే ఒక్క మాట కింద మన చెరువు, కుంట, గుంట, కోనేరు అన్నీ పడిపోతాయి. గుడి కోనేరు టెంపుల్ ట్యాంక్, ఊరి చెరువు ఇరిగేషన్ ట్యాంక్, చేపల తొట్టి ఫిష్ ట్యాంక్. మనకు మాత్రం తవ్వింది వేరు, కట్ట వేసింది వేరు, మెట్లు కట్టింది వేరు. కట్టలేకపోతే చెరువు కానే కాదు. అందుకే రొయ్యలది మన వైపు గుంట అయింది. గోదావరి వాళ్లు చేపల చెరువులకు అలవాటు పడ్డారు కాబట్టి మాటను సాగదీశారు.

సింగరాయకొండ పెద్దాయన: ఆ జాబితాలో దొరువు మరిచిపోయావు. మా సముద్రపు ఒడ్డు ఇసక నేలల్లో చెరువు నిలవదు. ఇసకలో ఏటవాలుగా గుంత తీస్తే, లోతు లేకుండానే మంచినీళ్లు ఊరతాయి. దాన్ని దొరువు అంటాం. దిగడానికి ఒక పక్క జారుగా దారి ఉంటుంది. రెండు చేతుల్లో రెండు కుండలు ముంచుకుని పైకొచ్చి నారుకు పోసేవాళ్లం. ఆశపడి లోతు తవ్వావో, కింద నుంచి ఉప్పునీళ్లు ఎక్కుతాయి. మంచినీళ్లు పైన పలచగా తేలుతుంటాయి మరి. బాపట్లలో ఉప్పునీటి పరిశోధన చేసే వ్యవసాయ శాస్త్రవేత్తలు ఆ పద్ధతినే పట్టుకుని, ఇసకలో అడ్డంగా పైపులు పరిచి మధ్య బావిలోకి నీళ్లు చేర్చే దొరువును తయారు చేశారు. వాళ్ల ఇంగ్లీషు రిపోర్టుల్లో కూడా దొరువు అనే రాశారు. ట్యాంక్ అంటే కుదరలేదు కాబోలు.

నేను: కుదరదు పెద్దాయనా. ట్యాంకులో నీళ్లు నిలవ ఉంటాయి, దొరువులో ఊరతాయి. దొరువులో ఆపడం అనేదే లేదు. అందుకే పోర్చుగీసు మాటా, గుజరాతీ మాటా, మన చెఱువూ మూడూ అక్కడికి రాలేవు.

బుచ్చి తమ్ముడు: అన్నా, చివరగా ఒకటి. మా ఇంట్లో మిద్దె మీది దాన్ని ట్యాంకు అని కూడా అనరు, సింటెక్స్ అంటారు. వేరే కంపెనీది కొన్నా సింటెక్సే.

నేను: ఆ కంపెనీ పుట్టింది గుజరాత్‌లో కలోల్. బట్టల మిల్లు వాళ్లు 1970లలో ప్లాస్టిక్ వ్యాపారంలోకి దిగి, ప్లాస్టిక్ పొడిని వేడితో అతికించే సింటరింగ్‌లోని ముక్కను, టెక్స్‌టైల్‌లోని ముక్కను కలిపి పెట్టిన పేరు. మాటనిచ్చిన వాళ్లే డబ్బానూ ఇచ్చారు. ఈ లెక్కన నావికుడి మీద నీ ఊహకు ఒక మార్కు కలుపుతున్నా.

కంభం అన్న: ఇదంతా సరే. చెరువు నిండి పొర్లే చోటును మేం అలుగు అంటాం, నెల్లూరు వాళ్లు కలుజు అంటారు. కలుజు ఎక్కడిది?

నేను: దానికి వేరే పోస్టు పెట్టన్నా. ఇక్కడే మొదలుపెడితే మాస్టారు తమిళ నిఘంటువు తెరుస్తారు, ఇక తెల్లారిపోతుంది.

ఒంగోలు మాస్టారు: తెరిచేశాను. కలింగు అని ఉంది. రేపు రాస్తా.